ప్రాగ్‌లో రెండు రాత్రులు, అమ్మానాన్నలతో: సలహాలు కావాలి

తెనాలి చందు

అందరికీ నమస్కారం. మేం బెర్లిన్‌లో ఉంటాం. అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు, ఇంకో నెలన్నర ఉంటారు. అక్టోబరు 3 సెలవు కలుపుకుని ఎటైనా తీసుకెళ్దామని చూస్తున్నాం. మా ఆవిడ మొదట వేసిన ప్లాను ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ ఐదు రోజుల్లో. అది చదివి నాన్న "మనం ఊళ్లు చూడ్డానికి వెళ్తున్నామా, స్టేషన్లు చూడ్డానికా" అన్నారు. దాంతో ప్రాగ్ ఒక్కటే, రెండు రాత్రులు అనుకుంటున్నాం.

నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు. ఆయన్ని ఒక రాయి ముందు నిలబెట్టి కథ చెబితే గంటసేపు కదలరు. అమ్మకి మోకాళ్లు. మెట్లంటే భయం, ఎస్కలేటరంటే ఇంకా భయం. మాంసం సరే, గుడ్డు కూడా ముట్టదు. వాళ్లది జర్మనీ ఇచ్చిన వీసా, సింగిల్ ఎంట్రీ. ప్రాగ్ వెళ్తే ఆ ఎంట్రీ అయిపోయి మళ్లీ జర్మనీలోకి రానివ్వరని మా ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. నిజమేనా? రైలా బస్సా, ఎక్కడ దిగాలి, ఏం చూపించాలి, ఏం వదిలేయాలి, అన్నీ చెప్పండి.

ఎల్బే గట్టు

ముందు వీసా సంగతి తేల్చేద్దాం, అది తేలకపోతే మీకు నిద్ర పట్టదు. సింగిల్ ఎంట్రీ అంటే షెంజెన్ ప్రాంతంలోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోకి, ఒకసారి రావడం. జర్మనీలోకి ఒకసారి అని కాదు. చెక్ దేశం 2007 డిసెంబరు నుంచి షెంజెన్‌లోనే ఉంది. బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్లి రావడం ఆ లెక్కలో బయటికి వెళ్లినట్టే కాదు. అదే లండన్ వెళ్లారనుకోండి, అప్పుడు ఎంట్రీ అయిపోయినట్టే. వీసా స్టిక్కర్ మీద రోజుల గడువు దాటకుండా చూసుకుంటే చాలు.

కానీ పాస్‌పోర్టులు మాత్రం అందరివీ ఒంటి మీదే ఉండాలి. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. తిరిగొచ్చే రైల్లో పోలీసులు ఎక్కి అడగడం మామూలే. ఫోనులో ఫొటో చూపిస్తే కుదరదు. మీ ఇద్దరివీ రెసిడెన్స్ కార్డులు కూడా తీసుకెళ్లండి. కార్డు రెన్యూవల్‌లో ఉండి చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉంటే, అది ఇచ్చిన ఆఫీసులో అడక్కుండా సరిహద్దు దాటొద్దు.

ఇంకొకటి. అక్టోబరు 3న సగం జర్మనీ ప్రాగ్‌లోనే ఉంటుంది. డ్రెస్డెన్ నుంచి చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ శుక్ర శనివారాల రైళ్లలో నిలబడి వెళ్లేవాళ్లు ఉంటారు. మీ అమ్మానాన్నలకి ఏ రోజైనా ఒకటే కదా. మీరు రెండు రోజులు సెలవు పెట్టగలిగితే మంగళవారం వెళ్లి గురువారం వచ్చేయండి. హోటల్ అద్దెలో తేడా కూడా తెలుస్తుంది.

కిటికీ సీటు

రైలే. మారు మాట లేదు.

బెర్లిన్ నుంచి నాలుగు గంటల పైచిలుకు. డ్రెస్డెన్ దాకా చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, ఆ లోపు కునుకు తీసేయమనండి. డ్రెస్డెన్ దాటాక మాత్రం అందర్నీ లేపండి. పీర్నా నుంచి దాదాపు సరిహద్దు దాటేదాకా రైలు ఎల్బే నదిని ఒరుసుకుంటూ పోతుంది. అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు నిట్టనిలువుగా లేస్తాయి. అందుకే వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు, వచ్చేటప్పుడు కుడి చేతి వైపు సీట్లు పట్టండి. సీటు రిజర్వేషన్ టికెట్టుతో రాదు, విడిగా కొనాలి. నలుగురికి కలిపి టేబుల్ సీట్లు తీసుకుంటే ఇంట్లో కూర్చున్నట్టే.

టికెట్లు కొనే ముందు జర్మన్ రైల్వే సైట్లోనూ చెక్ రైల్వే సైట్లోనూ ఒకే రైలుకి ధర చూడండి. చాలాసార్లు చెక్ వాళ్ల దగ్గరే తక్కువ. ముందుగా కొంటే ఇంకా నయం. ఆ రైళ్లలో చెక్ డైనింగ్ కారు ఉంటే వదలొద్దు. మన ప్యాంట్రీ కారుని గుర్తు చేసుకుని మొహం చిట్లించకండి, అక్కడ టేబుల్ మీద గుడ్డ పరిచి పింగాణీ పళ్లెంలో పెడతారు. మీ నాన్నగారికి కాఫీ ఇప్పించండి, నది చూస్తూ తాగుతారు.

హైటెక్ బాబాయ్

అందరూ ఒకవైపే చెబుతున్నారు కాబట్టి నేను రెండో వైపు. ఇండియా నుంచి పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారా? టికెట్లు, వీసా, ఇన్సూరెన్సు కలిపి ఎంత అవుతుందో తెలుసు కదా. వచ్చినప్పుడే మూడు రాజధానులూ చూపించేస్తే అయిపోతుంది. మా అత్తమామల్ని అలాగే తిప్పాం. ప్రాగ్ ఒక రోజు చాలు: గడియారం, వంతెన, కోట. ఆ మూడూ మధ్యాహ్నానికి అయిపోతాయి.

ఎల్బే గట్టు

బాబాయ్ గారూ, మీ అత్తగారికి మోకాళ్లు బాగున్నట్టున్నాయి.

హైటెక్ బాబాయ్

అది నిజమే అనుకో.

సంధ్య, ప్రాగ్ 6

నేను ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. తిండి గురించి నేను చెబుతాను, ఎందుకంటే చందు గారి అమ్మగారి విషయంలో అసలు చిక్కు మాంసం కాదు, గుడ్డు.

ఇక్కడ మెనూలో "బెజ్ మాసా" అని ఒక భాగం ఉంటుంది. మాంసం లేనివి అని. అందులో అందరూ మనవాళ్లకి చెప్పేది స్మజెనీ సీర్, అంటే వేయించిన చీజ్. మందపాటి చీజ్ ముక్కని పిండిలో, గిలక్కొట్టిన గుడ్డులో, బ్రెడ్ పొడిలో ముంచి నూనెలో వేయిస్తారు. గుడ్డు లేకుండా అది రాదు. పక్కన పెట్టే తెల్ల సాస్‌లోనూ గుడ్డే. బ్రాంబొరాక్ అనే బంగాళాదుంప అట్టు చూస్తే మన రొట్టెలా ఉంటుంది, వెల్లుల్లి వాసన కూడా వస్తుంది, కానీ గుడ్డు కలుపుతారు. వీధుల్లో చక్రంలా తిప్పుతూ కాల్చే ట్రడెల్నిక్ పిండిలోనూ మామూలుగా గుడ్డు ఉంటుంది. (పైగా అది ఇక్కడి పాతకాలపు వంటకమని బోర్డులు పెడతారు గానీ, టూరిస్టుల కోసం ఈ మధ్య పుట్టుకొచ్చిన సరుకు. మా ఆఫీసులో చెక్ వాళ్లెవరూ కొనగా నేను చూడలేదు.) సూపుల్లో కూరగాయలే కనిపించినా అడుగున మాంసం ఉడికిన నీళ్లు ఉండొచ్చు, అడిగి తీరాలి.

కాబట్టి "వెజ్" అని అడక్కండి, "వీగన్" అని అడగండి. ప్రాగ్‌లో వీగన్ హోటళ్లు చాలా ఉన్నాయి. ఆ ఒక్క మాటతో గుడ్డు బాధ తీరిపోతుంది. ఇండియన్ రెస్టారెంట్లూ ఉన్నాయి. తూకం మీద శాకాహార భోజనం పెట్టే చోట్లు కూడా ఉన్నాయి, పెద్దవాళ్లకి అవి సుఖం, కంటికి కనిపించింది కావలసినంత పెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా సులువు వంటగది ఉన్న అపార్ట్‌మెంటు. జర్మనీలాగా ఆదివారం దుకాణాలు మూసేయరు ఇక్కడ. పెద్ద షాపులు కొన్ని పండగ రోజుల్లో మాత్రమే మూసి ఉంటాయి, సెప్టెంబరు 28, అక్టోబరు 28 అలాంటివే. సందు సందునా వియత్నాం వాళ్లు నడిపే "వెచెర్కా" కొట్లు ఉంటాయి, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. బియ్యం, పచ్చిమిర్చి, అల్లం చాలావాటిలో దొరుకుతాయి. డబ్బా మీద "బీలీ యోగుర్ట్" అని ఉన్నది తీసుకోండి, అది తీపి లేని పెరుగు. పెరుగన్నానికి భేషుగ్గా ఉంటుంది. ఆవకాయ ఎలాగూ మీ అమ్మగారి సంచీలో ఉంటుంది.

రాతిమెట్లు

గుడ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి మాస్టారికి ఒక ముక్క: చార్లెస్ వంతెన కట్టినప్పుడు సున్నం గట్టిపడ్డానికి గుడ్లు కలిపారని, దేశం నలుమూలల నుంచి బళ్ల మీద తెప్పించారని ఒక కథ. అమ్మగారికి మాత్రం చెప్పకండి, వంతెన దాటనంటారేమో.

సరే, అసలు విషయం. పాత వంతెన 1342 వరదలో కొట్టుకుపోతే, 1357లో నాలుగో చార్లెస్ కొత్తదానికి శంకుస్థాపన చేయించాడు. అదే రాజు 1348లో విశ్వవిద్యాలయం పెట్టాడు, అదే ఏడు పట్టణాన్ని పెంచి న్యూ టౌన్ కట్టించాడు. అంటే ప్రాగ్‌లో "కొత్త" బస్తీ వయసు కూడా ఆరున్నర శతాబ్దాల పైమాటే. వంతెన మీద ఇప్పుడు కనిపించే 30 విగ్రహాలు మాత్రం ఆ కాలానివి కావు, చాలా వరకు 17, 18 శతాబ్దాల్లో పెట్టినవి, వాటిలోనూ చాలా నకళ్లే. అసలువి వానకి పాడవకుండా మ్యూజియానికి తరలించారు.

వంతెన పొద్దున్నే చూడాలి. ఏడు లోపు వెళ్తే మీ నలుగురు, ఫొటోలు తీసుకునే కొత్త పెళ్లికొడుకు పెళ్లికూతురు ఒక జంట, అంతే. పదింటికి వెళ్తే తీర్థం రోజు తోపులాటే. విగ్రహాల్లో నెపొముక్ జాన్ దగ్గర ఆగండి. తల చుట్టూ ఐదు నక్షత్రాలు ఉంటాయి, సులువుగా గుర్తుపట్టొచ్చు. 1393లో ఈయన్ని నదిలో పడేశారు. రాణి చెప్పుకున్న రహస్యం రాజుకి చెప్పనన్నందుకని భక్తుల కథ. ఒక మఠాధిపతి నియామకం మీద రాజుకీ చర్చికీ వచ్చిన తగాదా అసలు కారణమని చరిత్రకారుల మాట. విగ్రహం కింది కంచు పలకలు రెండూ నల్లగా ఉంటాయి, జనం చెయ్యి పెట్టే చోట మాత్రం బంగారంలా మెరుస్తాయి. ఎన్ని లక్షల చేతులు రుద్దితే అంత మెరుపు వస్తుందో మాస్టారిని అంచనా వేయమనండి.

పాతబస్తీ చౌకులో పాత టౌన్ హాలు టవరుకి ఉన్న గడియారం గురించి కూడా చెబుతాను, అక్కడ నిరాశపడేవాళ్లే ఎక్కువ. గంట గంటకీ కిటికీలు తెరుచుకుని అపొస్తలుల బొమ్మలు తిరుగుతాయి, ఎముకల బొమ్మ గంట కొడుతుంది, నిమిషం లోపే కథ ముగుస్తుంది. ఇంతేనా అంటారు. దాని కోసం గుంపులో మెడ ఎత్తి నిలబడే కన్నా, గుంపు చెదిరాక ముఖం మీది పళ్లాన్ని చదవండి. 1410 నాటి పని అది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రుడి కళ ఎంత, సూర్యాస్తమయం నుంచి ఎన్ని గంటలు గడిచాయి, అన్నీ ముళ్ల మీద తెలుస్తాయి. తిరిగే పంచాంగం అనుకోండి. మా మామయ్యకి రాశిచక్రం చూపించాక అక్కణ్ణుంచి లాక్కురావడం మా వల్ల కాలేదు. దాన్ని చేసినవాడు మళ్లీ అలాంటిది చేయకుండా కళ్లు పీకేశారని గైడ్లు చెప్పే కథ నమ్మొద్దు, అది కట్టుకథ. ఆ టవరు పైకి లిఫ్టు ఉంది. అమ్మగారికి ఊరంతా ఎర్ర పెంకుల కప్పులతో కనిపించే చోటు, మెట్లు ఎక్కకుండా, అదొక్కటే గుర్తుపెట్టుకోండి.

అదే గోడకి తూర్పు పక్క నేల మీద చూడండి. రాతి పరుపులో తెల్ల శిలువలు 27 ఉంటాయి. జనం వాటి మీదే నిలబడి ఐస్‌క్రీము తింటుంటారు. 1618 మే 23న ఇక్కడి ప్రొటెస్టెంటు ప్రభువులు కాథలిక్ చక్రవర్తి మనుషులిద్దరినీ వాళ్ల గుమాస్తానీ కోట కిటికీ లోంచి కిందికి తోసేశారు. ముగ్గురూ బతికారు. కానీ ఆ తోపుతో మొదలైన యుద్ధం 30 ఏళ్లు యూరప్‌ని తగలబెట్టింది. 1620 నవంబరులో ఊరి బయట తెల్లకొండ దగ్గర ప్రభువుల సేన ఓడిపోయింది. మర్నాటి ఏడు జూన్ 21న ఈ చౌకులోనే 27 మందిని చంపారు. వాళ్లలో 12 మంది తలలు వంతెన బురుజుకి వేలాడదీస్తే పదేళ్లు అక్కడే ఉన్నాయి. మీరు నదికి వెళ్లేది ఆ బురుజు కిందనుంచే. మాస్టారికి ఈ వరసలో చెప్పండి: కోటలో కిటికీ, చౌకులో శిలువలు, వంతెన బురుజు. ఆయనకి గైడు అక్కర్లేదు.

కరీంనగర్ కిరాక్

పైసల ముచ్చట నేను చెప్త. చెక్ల యూరో నడవదు, కొరునా. కొన్ని దుకాణాలు యూరో తీసుకుంటయ్ గానీ వాళ్లిచ్చే లెక్క వాళ్లదే, మనకు నష్టమే. కార్డు దాదాపు అన్ని కాడ నడుస్తది. ట్రాముల్నే టికెట్ మిషన్ ఉంటది, కార్డు తాకిస్తే టికెట్ వస్తది.

ఏటీఎంల పైసలు తీస్తే "మీ బ్యాంకు కరెన్సీల లెక్క కట్టాల్నా" అని అడుగుతది. వద్దు అనాలె. కొరునాల్నే కట్టమనాలె. ఒప్పుకున్నవా, గట్లనే కొన్ని వందలు ఊడిపోతయ్.

మార్పిడి కొట్ల కాడ ఇంకో తమాషా. బోర్డు మీద కమిషన్ సున్నా అని పెద్దగ రాస్తరు, కింద రేటు మాత్రం ఘోరం. మా రూమ్మేటుకు గట్లనే పడ్డది. కానీ వానికి రూల్ ఎరుక. 2019 ఏప్రిల్ నుంచి చట్టం ఏందంటే, వెయ్యి యూరోల లోపు మార్పిడి అయితే మూడు గంటల్ల రద్దు చెయ్యమని అడగొచ్చు, వాళ్లు ఇయ్యాల్సిందే. రసీదు పట్టుకుని తిరిగి పోయి నిలబడ్డడు, మూతి ముడుచుకుంట ఇచ్చిన్రు. రసీదు పారెయ్యొద్దు, గదే ముఖ్యం.

చౌక్‌ల సంత బండ్ల మీద పెద్ద పంది మాంసం గడ్డ కాలుస్తుంటరు. రాసిన ధర వంద గ్రాములది. వాడు కోసేది మూడొందలు. మీకు అక్కర్లేదు గానీ చదివేటోళ్లకు చెప్తున్న.

ఆర్సీపురం పిల్లాడు

ఈ చర్చలో చెక్ ఇంజనీర్ల మాట ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం. హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం చెకొస్లొవేకియా సాయంతో వచ్చిందే, 1960లలో. మా నాన్న అందులో టర్నరు. ఆయన చేరేనాటికి చెక్ వాళ్లు వెళ్లిపోయారు గానీ, వాళ్ల మిషన్ల మీద అక్షరాలకి పైన చిన్న చిన్న కొక్కేలు ఉండేవని చెప్పేవాడు. ప్రాగ్‌లో ట్రాము దిగి ఒక బోర్డు చూపించగానే "ఇవే, ఇవే" అన్నాడు.

వెన్సెస్లాస్ స్క్వేర్‌లో బాటా షోరూము తప్పకుండా చూపించండి. బాటా మన దేశపు కంపెనీ అని ఇప్పటికీ ప్రమాణం చేసేవాళ్లున్నారు మా ఇంట్లో. 1894లో జ్లీన్ అనే చెక్ ఊళ్లో పుట్టింది. ఆ షోరూము భవనం 1929 నాటిది, ముందంతా అద్దాలే. చుట్టూ బొమ్మలూ పూలూ చెక్కిన భవనాల మధ్య అదొక్కటే సాదాగా నిలబడి ఉంటుంది. మీ నాన్నగారు బడికి వేసుకెళ్లిన చెప్పుల పుట్టిల్లు అని చెప్పండి. ఇప్పుడు లోపల చెప్పుల ధర అడిగితే మాత్రం ఆయన మళ్లీ తెనాలి వెళ్లిపోతారు.

తెనాలి చందు

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నాన్నకి అన్నీ చదివి వినిపిస్తున్నా. 27 శిలువల దగ్గరే ఆగిపోయి, ఆ గుమాస్తా తర్వాత ఏమయ్యాడని అడుగుతున్నారు.

మూడు ప్రశ్నలు మిగిలాయి. కోట కొండ మీద ఉందంటున్నారు, అమ్మ సంగతేంటి? హోటల్ ఏ పేటలో? కుట్నా హోరా అని ఎముకలతో అలంకరించిన చర్చి ఉందట, మా ఆవిడకి చూడాలని ఉంది, అమ్మకి చెప్పకుండా వెళ్లొచ్చా?

రాతిమెట్లు

గుమాస్తా వియన్నా పారిపోయి చక్రవర్తికి కబురు చెప్పాడు. తర్వాత ఆయనకి దొరతనం ఇచ్చారు, బిరుదులో "ఎత్తు నుంచి పడ్డవాడు" అని అర్థం వచ్చే మాట కలిపి. మాస్టారు నవ్వుతారు.

కోటకి 22 నంబరు ట్రాము. కొండ పైన పొహోర్జెలెత్స్ స్టాపులో దిగితే అక్కణ్ణుంచి కోట దాకా వాలుగా దిగుడే. కోట చూసుకుని అలాగే నెరూదొవా వీధి గుండా కిందికి నడిచి వంతెన చేరొచ్చు. ఎక్కడా ఎక్కడం ఉండదు. ఎవరికైనా నేను చెప్పే దారి ఇదే.

సంధ్య, ప్రాగ్ 6

రాతిమెట్లు గారూ, క్షమించాలి, మోకాళ్ల నొప్పికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధ. నెరూదొవా నిటారు వాలు, పైగా నున్నటి గుండ్రాళ్లు. వాన పడితే కుర్రాళ్లే జారతారు. మా అమ్మ ఆ వీధి దిగి రెండు రోజులు మంచం దిగలేదు.

చందు గారూ, అదే 22లో "ప్రజ్‌స్కీ హ్రద్" స్టాపులో దిగండి. అక్కణ్ణుంచి కందకం మీది చిన్న వంతెన దాటితే నేరుగా కోట రెండో ప్రాంగణం, దాదాపు చదును. చూడడం అయ్యాక వచ్చిన దారినే వెనక్కి వెళ్లి అదే ట్రాము ఎక్కి దిగిపోండి. మీ నాన్నగారూ మీరూ కావాలంటే నెరూదొవా నడిచి రండి, కింద కలుసుకోవచ్చు.

కోట ప్రాంగణాల్లో తిరగడానికి టికెట్టు లేదు, లోపలి భవనాలకి ఉంది. అది రెండు రోజులు చెల్లుతుంది, 65 దాటినవాళ్లకి తగ్గింపు ఉంది, పాస్‌పోర్టు చూపించండి. ఆదివారం పొద్దున పెద్ద చర్చిలో ప్రార్థనలు, మధ్యాహ్నం దాకా లోపలికి వదలరు. సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. లోపల కుర్చీలు ఉన్నాయి, అమ్మగారు రంగు అద్దాలు చూస్తూ కూర్చోవచ్చు. మధ్యాహ్నం పన్నెండుకి మొదటి ప్రాంగణంలో బాజా భజంత్రీలతో కాపలా మార్పిడి జరుగుతుంది, దానికి అరగంట ముందే చోటు చూసుకోవాలి.

బస ఐ.పి. పావ్లొవా దగ్గర చూసుకోండి. పెద్ద స్టేషన్ నుంచి ఎర్ర మెట్రో, రెండో స్టాపు, మారే పని లేదు. ఆ 22 ట్రాము కూడా అక్కడికి వస్తుంది. పాతబస్తీలో గది అందంగానే ఉంటుంది కానీ రాత్రి రెండు దాకా తాగి పాడేవాళ్ల పాటలు వినాలి. పక్కనే ఉన్న నామ్యెస్తీ మీరు మెట్రో స్టేషన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అక్కడి ఎస్కలేటరు 87 మీటర్లు, యూరోపియన్ యూనియన్ మొత్తంలో అంత పొడుగుది లేదంటారు. మెట్లు కూడా జర్మనీ కన్నా వేగంగా కదులుతాయి. అమ్మగారిని ట్రాముల్లోనే తిప్పండి. ముందే బయట కాగితం టికెట్టు కొంటే ఎక్కగానే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్టు, టికెట్టు లేకపోవడం, తనిఖీవాళ్లకి రెండూ ఒకటే.

రాతిమెట్లు

ఒప్పుకుంటున్నాను. అమ్మగారికి సంధ్య గారి దారే.

కిటికీ సీటు

కుట్నా హోరా ప్రాగ్ నుంచి రైల్లో గంట. రెండు రాత్రుల్లో అది ఇరికిస్తే సగం రోజు పోతుంది. ఎముకల షాండ్లియర్ చూసి మీ అమ్మగారు ఆ రాత్రి అన్నం తింటారని నాకైతే నమ్మకం లేదు. కార్ల్‌స్టెయిన్ కోట ఇంకా దగ్గర, కానీ స్టేషన్ నుంచి కొండెక్కాలి. ఈసారికి ఊరు దాటకండి. మీ ఆవిడ గారు మీ ఇద్దరూ విడిగా వచ్చినప్పుడు చూస్తారు.

ఫిరంగిపురం మేరీ

ఒక చోటు ఎవరూ చెప్పలేదు. మా ఇళ్లల్లో దేవుడి గూట్లో కిరీటం పెట్టుకుని, పట్టు అంగీ వేసుకుని, కుడిచెయ్యి ఎత్తి దీవిస్తున్న బాల యేసు పటం ఉంటుంది. ఆ అసలు విగ్రహం ప్రాగ్‌లోనే ఉంది, విజయమాత చర్చిలో. ఈ 22 నంబరు ట్రాముకే హెలిహొవా స్టాపు. విగ్రహం మూరెడు ఉంటుందేమో, కొయ్య మీద మైనం. పోలిక్సేనా అనే ప్రభువుల ఇంటి ఆవిడ 1628లో కార్మెలైట్ సన్యాసులకి ఇచ్చింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో అంగీలు కుట్టించి పంపుతారు, పండగకో రంగు మారుస్తారు. మరియా థెరీసా మహారాణి ఇచ్చిన పచ్చ అంగీ కూడా పైన మ్యూజియంలో పెట్టారు. నేను వెళ్లిన రోజు ఊదా రంగు వేశారు.

మీ అమ్మగారు హిందువులైనా సరే, పండగకో వస్త్రం మార్చే దేవుడంటే ఆవిడకి ఇట్టే అర్థమైపోతుంది. మెట్లు చాలా తక్కువ. టికెట్టు లేదు.

ఎల్బే గట్టు

మాస్టారి కోసం నేనొకటి చేరుస్తా. యూదుల పేట జోసెఫోవ్. పింకస్ ప్రార్థనామందిరం గోడల నిండా చేత్తో రాసిన పేర్లు, ఎనభై వేలకి దగ్గరగా. నాజీలు చంపిన బొహీమియా, మొరావియా అనే చెక్ ప్రాంతాల యూదుల పేర్లవి, పుట్టిన తేదీతో సహా. పక్కనే సమాధుల తోటలో రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, స్థలం చాలక పొరలు పొరలుగా పూడ్చారు. శనివారం అన్నీ మూసేస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో యూదుల పండగలు వరసగా వస్తాయి, ఆ రోజుల్లోనూ మూతే. తేదీలు వేసుకునే ముందు వాళ్ల సైట్లో చూడండి.

అది కుదరకపోతే రెస్లొవా వీధిలో సిరిల్, మెతోడియస్ చర్చి. 1942 మే 27న హైడ్రిక్ అనే నాజీ అధికారి మీద బాంబు వేసిన చెక్, స్లొవాక్ సైనికులు దీని నేలమాళిగలో దాక్కున్నారు. జూన్ 18న జర్మన్లు చుట్టుముట్టి గొట్టాలతో నీళ్లు వదిలారు. ఒక్కరూ ప్రాణాలతో మిగల్లేదు. వీధిలోంచే కనిపిస్తుంది ఆ చిన్న కిటికీ, చుట్టూ తూటాల గుంటలు అలాగే వదిలేశారు. లోపలికి వెళ్లడం ఉచితం, సోమవారం సెలవు. దిగడానికి మెట్లున్నాయి, అమ్మగారిని బయట బల్ల మీద కూర్చోబెట్టండి.

హైటెక్ బాబాయ్

నేను చెప్పిన "మధ్యాహ్నానికి అయిపోతుంది" మాట వెనక్కి తీసుకోను గానీ, మీరంతా చెప్పాక మా మామగారికి ఆ శిలువలు చూపించి ఉంటే బాగుండేదనిపిస్తోంది.

తెనాలి చందు

మంగళవారం వెళ్లి గురువారం రావడం ఖాయం చేశాం. సెలవు దొరికింది. ఎడమవైపు టేబుల్ సీట్లు దొరికాయి, చెక్ సైట్లోనే. ఐ.పి. పావ్లొవా దగ్గర వంటగది ఉన్న అపార్ట్‌మెంటు, లిఫ్టు ఉందని ఫోను చేసి మరీ కనుక్కున్నాం.

మంగళవారం సాయంత్రం చౌకు, గడియారం, టవరు లిఫ్టు. బుధవారం తెల్లారి నాన్నా నేనూ వంతెన మీదికి, ఆడవాళ్లు నిద్ర లేచాక ట్రాములో హెలిహొవా, బాల యేసు దగ్గర కలుస్తాం. అక్కణ్ణుంచి కోట, పన్నెండు గంటల బాజా. మధ్యాహ్నం విశ్రాంతి. గురువారం పొద్దున యూదుల పేట, మధ్యాహ్నం రైలు. ఎముకల చర్చి వాయిదా, మా ఆవిడ అలిగింది. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: ఆ అపార్ట్‌మెంటులో ప్రెషర్ కుక్కర్ ఉంటుందా?

సంధ్య, ప్రాగ్ 6

ఉండదు. ఇక్కడి వాళ్ల వంటింట్లో అది అరుదు. చిన్న రైస్ కుక్కర్ రైల్లో తెచ్చేసుకోండి, ప్లగ్గు జర్మనీదే పట్టేస్తుంది. బుధవారం కోటకి వెళ్లేటప్పుడు సంచులు తక్కువ పెట్టుకోండి, ద్వారం దగ్గర తనిఖీ ఉంటే లైను తొందరగా కదులుతుంది. గురువారం రైలుకి మాత్రం అరగంట ముందే స్టేషన్‌లో ఉండండి. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద బాగా ఆలస్యంగా వేస్తారు, వేశాక అందరూ ఒకేసారి పరుగెడతారు.

కిటికీ సీటు

తిరుగు సీట్లు కుడివైపు కొన్నారా లేదా? అది చెప్పలేదు మీరు.

తెనాలి చందు

కొన్నాం సార్. కుడివైపే.